మందులకు లొంగని హెచ్‌ఐవీ: ఉత్పరివర్తనాలు, చికిత్సపై వాటి ప్రభావం

భారతదేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, సంక్షిప్తంగా నాకో, అంచనా వేసింది. సంఖ్యను బట్టి చూస్తే మహారాష్ట్ర తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. చికిత్స పొందుతున్నవారిలో అత్యధికులకు ఆధారం ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రంలో ఉచితంగా లభించే రోజుకొక మాత్ర. ఆ మాత్ర వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించదు, పెరగకుండా అణచి ఉంచుతుంది. ఆ పట్టు సడలినప్పుడు వైరస్ మళ్లీ వృద్ధి చెందుతుంది. అలా వృద్ధి చెందే క్రమంలో మందును తప్పించుకొనే రూపాన్ని సంతరించుకుంటే దానినే మందుల నిరోధకత అంటారు.

"ఒంటికి మందు అలవాటు పడిపోయింది", "మందు పట్టడం లేదు" అనే మాటలు ఆసుపత్రి వరండాలలో తరచు వినిపిస్తుంటాయి. నిజానికి ఇక్కడ మారేది మనిషి శరీరం కాదు, వైరస్. ఈ తేడా మాటలకే పరిమితం కాదు. మారిన వైరస్ మరొకరికి సోకితే, జీవితంలో ఒక్క మాత్ర కూడా మింగని ఆ వ్యక్తిలో సైతం మందు పనిచేయకపోవచ్చు. అదే విధంగా ఒక మందు విఫలమైన వ్యక్తిలోనే మరొక తరగతికి చెందిన మందు చక్కగా పనిచేయవచ్చు. చికిత్స యావత్తూ ఈ రెండవ వాస్తవంపైనే ఆధారపడి ఉంది.

ఎత్తిరాతలో దొర్లే తప్పులు

హెచ్‌ఐవీ జన్యుపదార్థం సుమారు 9,700 అక్షరాల పొడవున్న ఆర్‌ఎన్‌ఏ. మనిషి కణంలో ప్రవేశించగానే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్ ఆ ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ ప్రతిని తయారుచేస్తుంది. మరొక ఎంజైమ్, ఇంటిగ్రేజ్, ఆ ప్రతిని కణం తాలూకు డీఎన్‌ఏలో అతికిస్తుంది. అటుపైన ఆ కణమే వైరస్‌కు కార్ఖానాగా మారుతుంది. చివరి దశలో ప్రోటియేజ్ అనే ఎంజైమ్ విడిభాగాలను కత్తిరించి కొత్త వైరస్‌ను పూర్తిచేస్తుంది. ప్రస్తుతం వాడుకలో ఉన్న మందులలో అధిక భాగం ఈ మూడు ఎంజైమ్‌లలో ఏదో ఒకదాన్ని అడ్డుకొనేవే.

మొదటి ఎంజైమ్ పని ఎత్తిరాత. అందులో అది ఎంతమాత్రం నమ్మదగినది కాదు. తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాసిన లేఖకుల పొరపాట్లను తరువాతి కాలంలో పరిష్కర్తలు సరిదిద్దారు. ఈ ఎంజైమ్‌కు అటువంటి పరిష్కర్త లేడు. రాసింది సరిచూసుకొనే ఏర్పాటు దానిలో లేనందువల్ల ప్రతి కొన్ని ప్రతులకు ఒక అక్షరం తప్పు పోతూనే ఉంటుంది. ఈ తప్పులనే ఉత్పరివర్తనాలు అంటారు. వీటిలో చాలావరకు వైరస్‌కే చేటు చేస్తాయి. కొన్ని ఏ ప్రభావమూ చూపవు. బహు కొద్ది మాత్రం, ఒక మందు సమక్షంలో, వైరస్‌కు రక్షణగా పరిణమిస్తాయి.

చికిత్స లేని వ్యక్తి శరీరంలో రోజుకు సుమారు వెయ్యి కోట్ల కొత్త వైరస్ కణాలు పుడతాయని 1990వ దశకం మధ్యలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. ఇంత సంఖ్యలో, ఇన్ని తప్పులతో ప్రతులు పుడుతున్నప్పుడు, ఏ ఒక్క అక్షరం మారిన వైరస్ అయినా ఏదో ఒక మూల ముందే ఉండి తీరుతుంది. మందు ఆ మార్పును సృష్టించదు. మిగిలిన వైరస్‌ను అణచివేసి, మారిన దానికి మైదానాన్ని ఖాళీ చేసి ఇస్తుంది. పత్తి చేలపై ఒకే రకం పురుగుమందును ఏళ్ల తరబడి చల్లితే ఏం జరుగుతుందో గుంటూరు, వరంగల్ ప్రాంతాల రైతులకు అనుభవపూర్వకంగా తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే.

మూడు మందులను కలిపి ఇవ్వడం వెనుక ఉన్నది ఈ లెక్కే. ఒక మందును తప్పించుకొనే మార్పు ముందే ఉండవచ్చు. మూడింటిని ఒకేసారి తప్పించుకోవాలంటే ఒకే వైరస్‌లో అనేక మార్పులు ఏకకాలంలో కలిసి రావాలి. మూడు మందులూ రక్తంలో తగిన మోతాదులో ఉన్నంతకాలం ఆ అవకాశం దాదాపు శూన్యం. మందు అసలు తీసుకోనివారిలో కొత్త నిరోధకత పుట్టదు, క్రమం తప్పక తీసుకొనేవారిలోనూ అరుదు. ప్రమాదమంతా ఆ రెంటికీ మధ్యనే, వైరస్ పెరిగేంత తక్కువగానూ, ఎంపిక చేసేంత ఎక్కువగానూ మందు ఉన్న స్థితిలో ఉంటుంది.

పేరును చదివే తీరు

నిరోధకత నివేదికలో కనిపించే ఎం-184-వి, కె-103-ఎన్ వంటి పేర్లు చూడడానికి బస్సు నంబర్లలా ఉంటాయి. వాటి వెనుక ఉన్న పద్ధతి సులువైనదే. మధ్యనున్న అంకె ఎంజైమ్‌లోని స్థానాన్ని, మొదటి అక్షరం అక్కడ సహజంగా ఉండవలసిన అమైనో ఆమ్లాన్ని, చివరి అక్షరం దాని స్థానంలో వచ్చి చేరినదాన్ని తెలుపుతాయి. ఎం-184-వి అంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌లోని 184వ స్థానంలో మిథియోనిన్‌కు బదులు వాలిన్ చేరిందని అర్థం.

చికిత్సలో అతి తరచుగా తారసపడే ఉత్పరివర్తనం ఇదే. ఇది ఒక్కటి వస్తే చాలు, లామివుడిన్, ఎమ్‌ట్రిసిటబిన్ మందులకు వైరస్ పెద్దఎత్తున నిరోధకత పొందుతుంది. అయితే ఈ మార్పుకు వైరస్ మూల్యం చెల్లించుకుంటుంది. దాని వృద్ధి సామర్థ్యం తగ్గుతుంది. అంతకన్నా ఆసక్తికరమైన విషయం, టెనోఫోవిర్, జిడోవుడిన్ మందులకు అది మునుపటి కన్నా తేలికగా లొంగుతుంది. ఈ కారణంగానే లామివుడిన్ పనిచేయడం లేదని ప్రయోగశాల నివేదిక చెప్పినా, వైద్యులు దాన్ని తదుపరి చికిత్సలోనూ కొనసాగిస్తుంటారు. పనిచేయని మందును ఎందుకు రాశారని కాగితం పట్టుకొని అడిగే రోగికి ఈ వివరణ లభించడం లేదన్నది వేరే విషయం.

కె-65-ఆర్ ఉత్పరివర్తనం టెనోఫోవిర్ శక్తిని తగ్గిస్తుంది, కానీ జిడోవుడిన్‌కు వైరస్‌ను మరింత లొంగదీస్తుంది. భారతదేశంలో ప్రధానంగా వ్యాపించి ఉన్న హెచ్‌ఐవీ-1 సి ఉపరకంలో ఈ మార్పు ఇతర ఉపరకాలలో కన్నా సులభంగా తలెత్తుతుందని ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి. జిడోవుడిన్, స్టావుడిన్ మందులను ఎదుర్కొనే మార్పులు మరో రకం. 41, 67, 70, 210, 215, 219 స్థానాలలో ఒకదాని తరువాత ఒకటిగా పేరుకుంటూ పోతాయి. ఒకటి రెండు ఉన్నప్పుడు నష్టం పరిమితం. ఐదారు చేరేసరికి ఆ తరగతి మొత్తం బలహీనపడుతుంది. కె-103-ఎన్ కథ పూర్తిగా వేరు. ఆ ఒక్క మార్పుతోనే నెవిరాపిన్, ఎఫావిరెంజ్ రెండూ చేజారుతాయి, వైరస్ బలం మాత్రం పెద్దగా తగ్గదు.

హెచ్‌ఐవీ-2 అనే మరో వైరస్ ఉంది. భారతదేశంలో తక్కువగా కనిపించే దీనికి నెవిరాపిన్, ఎఫావిరెంజ్ తరగతి పట్ల పుట్టుకతోనే నిరోధకత ఉంది. చికిత్సకు ముందు ఏ రకమో తేల్చుకోవడం అందుకే అవసరం.

ఒక్క మందుతో మొదలైన పాఠం

జిడోవుడిన్‌ను, అంటే అప్పట్లో ఏజెడ్‌టీగా ప్రసిద్ధమైన మందును, అమెరికా 1987లో ఆమోదించింది. సుమారు రెండేళ్లకే, 1989లో, బ్రెండన్ లార్డర్, గ్రాహం డార్బీ, డగ్లస్ రిచ్‌మన్‌లు ఆరు నెలలకు పైగా ఆ మందు వాడినవారి నుంచి సేకరించిన వైరస్‌లలో నిరోధకతను గుర్తించినట్లు ప్రకటించారు. ఒంటరిగా ఇచ్చే ఏ మందూ ఎక్కువ కాలం నిలవదన్న అవగాహన అక్కడి నుంచి బలపడింది. 1996లో మూడు మందుల కలయిక రంగంలోకి వచ్చిన తరువాత సంపన్న దేశాలలో ఎయిడ్స్ మరణాలు వేగంగా తగ్గాయి.

పేద దేశాలకు ఆ పాఠం మరో మార్గంలో అందింది. ప్రసవ సమయంలో తల్లికి ఒక్క మాత్ర, పుట్టిన బిడ్డకు ఒక్క మోతాదు నెవిరాపిన్ ఇస్తే తల్లి నుంచి బిడ్డకు సంక్రమణ గణనీయంగా తగ్గుతుందని ఉగాండాలో జరిగిన అధ్యయనం 1999లో వెల్లడించింది. చవక, సులభం కావడంతో అనేక దేశాలు, వాటిలో భారతదేశం కూడా, ఈ పద్ధతిని అనుసరించాయి. ఎందరో బిడ్డలు సంక్రమణను తప్పించుకున్నారు. అయితే నెవిరాపిన్ రక్తం నుంచి చాలా నెమ్మదిగా తొలగిపోతుంది. ఆ ఒక్క మాత్ర అవశేషం వారాల తరబడి, తోడుగా మరే మందూ లేకుండా, తల్లి శరీరంలో నిలిచి ఉంటుంది. ఫలితంగా చాలామంది తల్లులలో కె-103-ఎన్, వై-181-సి వంటి మార్పులు కనిపించాయి. కొద్దికాలానికే ఆ తల్లులకు తమ సొంత చికిత్స అవసరమైనప్పుడు అందుబాటులో ఉన్నది నెవిరాపిన్ కలయికే. బిడ్డను కాపాడిన మాత్ర తల్లికి అక్కరకు రాని పరిస్థితి అలా ఏర్పడింది. గర్భిణులందరికీ జీవితాంతం మూడు మందుల చికిత్స అందించే విధానాన్ని భారతదేశం 2014లో చేపట్టింది.

భారతదేశపు తొలి పదేళ్లు

చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్ బృందం 1986లో దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను గుర్తించింది. నాకో 1992లో ఏర్పాటైంది. ప్రభుత్వం ఉచిత యాంటీ రెట్రోవైరల్ చికిత్సను 2004 ఏప్రిల్ 1న ప్రారంభించింది. ఢిల్లీతో పాటు వ్యాప్తి అధికంగా ఉన్న ఆరు రాష్ట్రాలను తొలుత ఎంచుకోగా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ కలయిక ఆనాటి ప్రధాన చికిత్స. సిప్లా సంస్థ 2001లో ఈ మూడింటిని రోజుకు ఒక డాలరు కన్నా తక్కువ ధరకు ఇవ్వజూపడం ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. ఆ ధర లేకుంటే ఉచిత పథకమే ఉండేది కాదనడం అతిశయోక్తి కాదు.

లోటు మందులో కన్నా పర్యవేక్షణలో ఎక్కువగా ఉంది. రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష ఖరీదైనది కావడంతో ఏళ్ల తరబడి సీడీ4 కణాల సంఖ్యనే కొలమానంగా వాడారు. చికిత్స విఫలమైతే మొదట పెరిగేది వైరస్. సీడీ4 కణాలు పడిపోవడం ఆ తరువాతి సంగతి. ఈ రెంటికీ మధ్య నెలలు, కొందరిలో ఏళ్లు గడిచిపోతాయి. ఆ వ్యవధి అంతా వైరస్ మందుల సమక్షంలోనే పెరుగుతూ, ఒకదానిపై మరొకటిగా ఉత్పరివర్తనాలను పోగుచేసుకుంటుంది. వైఫల్యం బయటపడే నాటికి మొదటి వరుస మందులే కాక, రెండవ వరుసలో పనికిరావలసినవి సైతం కొంత బలం కోల్పోయి ఉండేవి. జాతీయ కార్యక్రమంలో రెండవ వరుస చికిత్స 2008లో మొదలైంది. ఉచితంగా, క్రమానుగతంగా వైరల్ లోడ్ పరీక్ష చేసే పథకం 2018 ఫిబ్రవరిలో కానీ రాలేదు. చికిత్స ప్రారంభానికీ, అది పనిచేస్తున్నదో లేదో నేరుగా కొలిచే ఏర్పాటుకూ మధ్య పద్నాలుగేళ్లు గడిచాయి. భారతదేశంలో నిరోధకత చరిత్రను రాసేవారు ఉత్పరివర్తనాల పేర్ల కన్నా ముందు ఈ పద్నాలుగేళ్లనే ప్రస్తావించవలసి ఉంటుంది.

డోలుటెగ్రావిర్ రాకతో మారిన లెక్క

చికిత్స మొదలుపెట్టబోయేవారిలో నెవిరాపిన్, ఎఫావిరెంజ్ నిరోధకత 10 శాతానికి చేరిన దేశాలు మొదటి వరుస మందును మార్చుకోవడాన్ని అత్యవసరంగా పరిశీలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. మార్చుకోవడానికి అప్పటికి ఒక మందు సిద్ధంగా ఉంది. అది ఇంటిగ్రేజ్‌ను అడ్డుకొనే డోలుటెగ్రావిర్. అమెరికా దాన్ని 2013లో ఆమోదించింది. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రను టీఎల్‌డీ అంటారు. పేద, మధ్యాదాయ దేశాలకు ఈ మాత్రను ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 75 డాలర్లకు అందించే ఒప్పందం 2017 సెప్టెంబరులో ప్రకటితమైంది. దానిలో భాగస్వాములైన తయారీదారులు అరబిందో ఫార్మా, మైలాన్. మొదటిదాని ప్రధాన కార్యాలయం, రెండవదాని భారతీయ విభాగం హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఆఫ్రికా ఖండంలో నేడు లక్షల మంది మింగుతున్న మాత్రలలో గణనీయమైన భాగానికి మూలం తెలుగు నేలపై నడిచే మందుల పరిశ్రమ.

ఇదే తరగతికి చెందిన రాల్టెగ్రావిర్ ఒకే ఒక్క మార్పుకు లొంగిపోయేది. డోలుటెగ్రావిర్ ఇంటిగ్రేజ్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. దాన్ని ఎదుర్కొనే ఆర్-263-కె వంటి మార్పు వచ్చినా వైరస్ బలహీనపడుతుంది, నిరోధకతా స్వల్పంగానే ఉంటుంది. జి-118-ఆర్, లేదా 148వ స్థానంలోని మార్పుకు మరికొన్ని తోడైనప్పుడే నష్టం తీవ్రమవుతుంది.

ఉగాండా, కెన్యా, జింబాబ్వేలలో 464 మందితో జరిగిన నాడియా అధ్యయనం చికిత్సకుల ఆలోచనా ధోరణిని మార్చింది. మొదటి వరుస చికిత్స విఫలమైనవారే అందులో పాల్గొన్నారు. వారిలో దాదాపు సగం మందిలో కె-65-ఆర్ ఉంది, ఎం-184-వి అంతకన్నా ఎక్కువ మందిలో ఉంది. పాత పద్ధతి ప్రకారమైతే టెనోఫోవిర్‌ను ఆపి జిడోవుడిన్‌కు మారాలి. కానీ టెనోఫోవిర్, లామివుడిన్‌లను అలాగే ఉంచి డోలుటెగ్రావిర్‌ను చేర్చినా 48 వారాల తరువాత సుమారు 90 శాతం మందిలో వైరస్ అదుపులోకి వచ్చింది. 96 వారాల నాటికి జిడోవుడిన్ కన్నా టెనోఫోవిరే మెరుగని తేలింది. కాగితం మీద "నిరోధకత ఉంది" అని కనిపించే మందు శరీరంలో ఇంకా కొంత పని చేస్తూనే ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం దొరకదు. అయితే అదే అధ్యయనంలో, డోలుటెగ్రావిర్ తీసుకున్నవారిలో కొద్దిమందికి ఆ మందుకే నిరోధకత వచ్చింది. డారునవిర్ తీసుకున్నవారిలో అలా జరగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చి నివేదికలోని అంకెలు ఈ నేపథ్యంలోనే ఆందోళన కలిగించాయి. కొన్ని దేశాల సర్వేలలో డోలుటెగ్రావిర్ నిరోధకత 3.9 నుంచి 8.6 శాతం వరకు కనిపించింది. గతంలో చికిత్స తీసుకొని, వైరల్ లోడ్ ఎక్కువగా ఉన్న దశలోనే కొత్త మందుకు మారినవారిలో అది 19.6 శాతానికి చేరింది. ఈ అంకెలను చదివేటప్పుడు అవి ఎవరి నుంచి తీసినవో గమనించాలి. ఇవి చికిత్స పొందుతూ కూడా వైరస్ అదుపులో లేనివారికి సంబంధించిన శాతాలు. డోలుటెగ్రావిర్ వాడుతున్న అందరిలో ఐదో వంతు మందికి నిరోధకత వచ్చిందని దీని అర్థం కాదు. ఆ మందు వాడేవారిలో 90 శాతానికి పైగా వైరస్ అదుపులోనే ఉంటున్నదని అదే నివేదిక పేర్కొంది. అయినా, వైరస్ అదుపులో లేనివారిని మాత్ర మార్చి ఇంటికి పంపేసి మళ్లీ పరీక్షించకపోతే ఏమవుతుందో 19.6 అనే అంకె చెబుతున్నది.

డోలుటెగ్రావిర్ విషయంలో భారతదేశానికి ప్రత్యేకంగా వర్తించే చిక్కు క్షయ. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ శరీరంలో డోలుటెగ్రావిర్ మోతాదును బాగా తగ్గిస్తుంది. అందువల్ల ఆ చికిత్స సాగినంతకాలం డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములను రోజుకు రెండుసార్లు ఇస్తారు. క్షయ కేంద్రం ఒకచోట, ఎ.ఆర్.టి. కేంద్రం మరోచోట ఉండి, ఒకచోట రాసిన మందు మరోచోట తెలియకపోతే ఆ అదనపు మాత్ర జారిపోయే ప్రమాదం ఉంది. ఐరన్, కాల్షియం మాత్రలు, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్లు సైతం ఈ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తరువాత గానీ డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. గర్భిణులకు ఐరన్, కాల్షియం మాత్రలు తప్పనిసరిగా ఇచ్చే దేశంలో ఇది చిన్న జాగ్రత్త కాదు.

పరీక్ష ఎప్పుడు, దేనికి

నాకో మార్గదర్శకాల ప్రకారం చికిత్స మొదలైన 6 నెలలకు, 12 నెలలకు, ఆ తరువాత ఏడాదికి ఒకసారి వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. మిల్లీలీటరు ప్లాస్మాలో 1,000 ప్రతులు దాటితే వెంటనే మందు మార్చరు. మాత్రలు సక్రమంగా వేసుకోవడానికి అడ్డుపడుతున్నదేమిటో తెలుసుకొని, సుమారు మూడు నెలలపాటు ప్రత్యేక కౌన్సెలింగ్ ఇచ్చి, పరీక్షను పునరావృతం చేస్తారు. అప్పటికీ తగ్గకపోతే కేసు రాష్ట్ర స్థాయి ఎయిడ్స్ వైద్య నిపుణుల కమిటీకి వెళ్తుంది. రిటోనవిర్‌తో కలిపి ఇచ్చే అటజనవిర్, లోపినవిర్, డారునవిర్ వంటి ప్రోటియేజ్ నిరోధకాలు తదుపరి వరుసలో ఉంటాయి. వీటిని ఎదుర్కోవాలంటే వైరస్‌కు అనేక మార్పులు అవసరం.

ఆ మూడు నెలల నిరీక్షణకు బలమైన కారణమే ఉంది. టీఎల్‌డీ మాత్ర వాడుతూ వైరల్ లోడ్ పెరిగినవారిలో అత్యధికులకు డోలుటెగ్రావిర్ నిరోధకత ఉండదు. మాత్రలు తప్పిపోవడమే కారణమై ఉంటుంది. వారికి మాత్ర మార్చడం వల్ల ప్రయోజనం శూన్యం, పైగా చేతిలో ఉన్న ఒక అవకాశం వృథా అవుతుంది. కానీ నెవిరాపిన్, ఎఫావిరెంజ్ కాలంలో ఇదే జాప్యం వైరస్‌కు వరమైంది. మందు మారితే నిరీక్షణకు ఉన్న అర్థమూ మారుతుంది.

వైరస్ జన్యువును చదివి ఉత్పరివర్తనాలను గుర్తించే పరీక్షను జీనోటైప్ పరీక్ష అంటారు. జాతీయ కార్యక్రమంలో ఇది అందరికీ చేసే పరీక్ష కాదు. ఫలితాన్ని అన్వయించడానికి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించే సమాచార నిధిని ప్రపంచమంతటా ఉపయోగిస్తున్నారు. ఈ పరీక్షకు పరిమితులున్నాయి. రక్తంలో తగినంత వైరస్ ఉంటేనే చదవడం సాధ్యం. మొత్తం వైరస్‌లో సుమారు 20 శాతం కన్నా తక్కువగా ఉన్న రూపాలు సాధారణ పద్ధతికి దొరకవు. మందు ఆపేసిన కొన్ని వారాలకు, బలమైన పాత వైరస్ మళ్లీ పైకి వచ్చి మారిన రూపాన్ని కప్పివేస్తుంది. అప్పుడు తీసిన నివేదికలో నిరోధకత ఏమీ లేనట్లు కనిపిస్తుంది. నిజానికి ఆ రూపం నిద్రాణ కణాలలో దాగి ఉంటుంది, మందు తిరిగి మొదలుపెట్టగానే ముందుకు వస్తుంది. అందుకే మందు వాడుతున్నప్పుడే నమూనా తీయాలి. గతంలో ఏ మందులు వాడారన్న చరిత్రకు ప్రయోగశాల నివేదికతో సమానమైన విలువ ఉన్నదీ ఇందుకే. పాత చికిత్స పుస్తకాన్ని పారవేయకుండా భద్రపరచుకున్న రోగి వైద్యుడికి సగం పని తగ్గించినట్లే.

మాత్ర తప్పిపోవడం ఎవరి తప్పు

నిరోధకత ప్రస్తావన వచ్చినప్పుడల్లా రోగి నిర్లక్ష్యం అనే మాట వెంటనే వినిపిస్తుంది. అది సులభమైన వివరణ. మాత్రలు అందకపోవడం, కేంద్రం దూరంగా ఉండటం, కూలి పోగొట్టుకొని ప్రయాణం చేయవలసి రావడం, అద్దె ఇంట్లోనో అత్తవారింట్లోనో మందు డబ్బా కనిపిస్తే ఏమవుతుందోనన్న భయం ఆ వివరణలో చోటు దక్కించుకోవు. పనుల కోసం ఊళ్లు మారేవారికి ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి. మందు డబ్బా మీది కాగితాన్ని చించివేసి, మాత్రలను వేరే సీసాలో దాచుకొనే మనిషికి కౌన్సెలింగ్‌తో పాటు ధైర్యం కూడా కావాలి.

2022 జులైలో ఢిల్లీలోని నాకో కార్యాలయం ఎదుట హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు మందుల కొరతపై నిరసనకు దిగారు. మాత్రలు కొద్ది రోజులకు సరిపడా మాత్రమే ఇస్తున్నారని, కొన్నిచోట్ల కలయికలు మారుస్తున్నారని వారు ఆరోపించారు. దేశ స్థాయిలో నిల్వలు సరిపడా ఉన్నాయని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ తెలిపింది. గిడ్డంగిలో నిల్వ ఉండటం, నిర్ణీత తేదీకి కేంద్రం కిటికీ వద్ద మాత్ర ఉండటం వేర్వేరు విషయాలు. వైరస్‌కు లెక్క రెండవదే. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వివక్షను నిషేధించింది. చికిత్స అందించే బాధ్యత దగ్గర మాత్రం "సాధ్యమైనంత మేరకు" అన్న పదబంధాన్ని చేర్చింది. దీనిపై బాధితుల సంఘాలు బిల్లు దశ నుంచే అభ్యంతరం తెలుపుతూ వచ్చాయి. ఒక్క వారం విరామంలోనే వైరస్ పుంజుకోగలదని గుర్తిస్తే ఆ అభ్యంతరంలోని న్యాయం అర్థమవుతుంది.

ముందున్నవి

నివారణ కోసం మందులు వాడేవారికి కూడా ఈ చర్చ వర్తిస్తుంది. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర సంక్రమణను సమర్థంగా నివారిస్తుంది. అయితే అప్పటికే హెచ్‌ఐవీ సోకిందని తెలియక మొదలుపెడితే అది రెండు మందుల అసంపూర్ణ చికిత్సగా మారి, ఎం-184-వికి దారితీయవచ్చు. ప్రారంభానికి ముందు, ఆ తరువాత క్రమం తప్పకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయడం ఇందుకే. ఆరు నెలలకొకసారి ఇచ్చే లెనకపవిర్ ఇంజెక్షన్‌ను నివారణ కోసం అమెరికా 2025 జూన్‌లో ఆమోదించింది. ఇది వైరస్ లోపలి తొడుగైన క్యాప్సిడ్‌పై పనిచేస్తుంది కనుక పాత తరగతుల ఉత్పరివర్తనాలు దీన్ని అడ్డుకోలేవు. దీనికి ప్రత్యేకమైన ఎన్-74-డి వంటి మార్పులు ఉన్నాయి. ఇంజెక్షన్ ఆపిన తరువాత నెలల తరబడి మందు క్రమంగా తగ్గుతూ శరీరంలో నిలిచి ఉంటుంది. నెవిరాపిన్ మాత్ర విషయంలో చూసిన చిక్కుకు ఇది దగ్గరి బంధువు. దీని జనరిక్ తయారీకి 2024లో అనుమతి పొందిన ఆరు సంస్థలలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి.

చికిత్సలో ఉన్నవారు ఊరు మారేటప్పుడు మందులు అయిపోయేదాకా ఆగకుండా, తాము నమోదైన ఎ.ఆర్.టి. కేంద్రం నుంచి బదిలీ పత్రం తీసుకుంటే దేశంలోని మరో కేంద్రంలో మందులు కొనసాగించుకోవచ్చు. స్థిరంగా ఉన్నవారు ఇంటికి దగ్గరలోని లింక్ ఎ.ఆర్.టి. కేంద్రం నుంచి మాత్రలు పొందే వీలుంది. క్షయ మందులు, యాంటాసిడ్లు, ఐరన్ మాత్రలు మొదలుపెట్టినా, మానివేసినా ఎ.ఆర్.టి. వైద్యుడికి తెలియజేయాలి. ఏడాది గడిచినా వైరల్ లోడ్ పరీక్ష జరగకపోతే అడిగి చేయించుకోవాలి. సమాచారం, సలహాల కోసం నాకో ఉచిత ఫోన్ నంబరు 1097.